బెండు బాసికంలో వెండి బిళ్ల

నేను ఒక వెండి నాణేన్ని. ఆ మాట వినగానే మీ చెయ్యి జేబులోకి పోనక్కర్లేదు, నాలాంటిది మీ జేబులో ఉండదు. నా మీద ఒక దేశం పేరుంది, విలువ చెప్పే అంకె ఉంది, ప్రభుత్వం ముద్ర ఉంది. ఇన్ని ఉండి కూడా నన్ను పట్టుకెళితే ఏ కొట్టువాడూ అరటిపండు ఇవ్వడు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు చూడండి, అదీ నా సంగతి. నన్ను కొనేవాళ్లు ఖర్చు పెట్టుకోవడానికి కొనరు, దాచుకోవడానికి కొంటారు. దాచుకున్నదాన్ని మనుషులు ఎంత త్వరగా మరిచిపోతారో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

లాట్వియా అని ఒక చలిదేశం ఉంది. అక్కడ పూర్వం పెళ్లికాని ఆడపిల్లలు తల మీద కిరీటం పెట్టుకునేవారు. రాణుల కిరీటం కాదు, మామూలు రైతుల పిల్లలదే. ఎర్రగుడ్డ చుట్టిన పట్టీ, దాని మీద గాజుపూసలు, తగరపు రేకులు, తల తిప్పితే గలగలమనే బిళ్లలు. ఒక్కో ఊరిది ఒక్కో తీరు. పెళ్లినాడు దాన్ని ఆఖరుసారి పెట్టుకోవాలి. తంతు ముగిసే వేళకి పెద్ద ముత్తైదువులు చుట్టూ చేరి, ఆ కిరీటం తీసేసి, తలకి రుమాలు కట్టేవారు. అక్కడితో ఆ పిల్ల ఇల్లాలైపోయేది. ఇక మళ్లీ జన్మలో కిరీటం లేదు.

ఆ కిరీటాల జ్ఞాపకార్థం నన్ను చేశారు. మనుషుల పద్ధతి గమనించారా? వాడడం మానేసిన వస్తువుకే నాణెం కొడతారు. రోజూ కూరలో తిరిగే గరిటెకి ఎవరూ కొట్టరు.

ఒక వెండి బిళ్లని తెచ్చి యంత్రం కింద పెట్టారు. ఒక్క దెబ్బ పడింది, లేచి చూసుకుంటే నా మీద ఒక పెళ్లికూతురు. పక్కకి తిరిగిన ముఖం, దించిన కన్ను, తల మీద ఇంతెత్తు కిరీటం. ఒళ్లంతా అద్దం. నన్ను చేసినవాడికి నన్ను ముట్టుకునే భాగ్యం లేదు, తెల్ల చేతితొడుగులు వేసుకున్నాడు. ఒట్టి వేలు తగిలితే మచ్చ పడుతుందట. వెంటనే ఒక గాజులాంటి ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి మూత నొక్కేశారు. ఆ మూత చప్పుడు తరవాత చాలా కాలం నాకు గాలి తగల్లేదు. నాతోపాటు పుట్టినవాళ్లని కూడా ఎవరి డబ్బీలో వాళ్లని పెట్టారు. అక్కచెల్లెళ్లం ఒకరినొకరం తాకకుండానే విడిపోయాం.

నన్ను మొదట దక్కించుకున్న మనిషి వెల్తా. ఆ దేశపు రీగా నగరంలో పాత మేడలో పైగదిలో ఉండేది. పండగల్లో పాడే బృందాలకి, ఆడే బృందాలకి కిరీటాలు కుట్టడం ఆమె పని. కళ్లు మసకబారి సూది మానేసిన రోజున ఒక బృందం వాళ్లు పూలూ కేకూ తెచ్చి, నన్ను ఆమె చేతిలో పెట్టి, ఒక పాట పాడి వెళ్లిపోయారు. ఆ పాట తరవాత ఆ గదిలోకి మనుషులు రావడం దాదాపు మానేశారనే చెప్పాలి.

వెల్తాకి పెళ్లి కాలేదు. ఎందరి తలలకో కిరీటాలు కుట్టింది. తనకని కుట్టుకున్నది మాత్రం బీరువాలో అట్టపెట్టెలో ఉండిపోయింది. చలికాలంలో అక్కడ మధ్యాహ్నానికే చీకటి పడుతుంది. ఆమె దీపం కింద కూర్చుని భూతద్దంలోంచి నన్ను చూసేది. "నీ కిరీటం తీసేవాళ్లు లేరు, నాది తీసేవాళ్లూ లేరు," అనేది నాతో. మూత తీస్తే ఏం పోయింది తల్లీ అని నాకు ఉండేది. తీయలేదు పాపం, పాడైపోతానని భయం. అంత ప్రేమగా చూసి అంత దూరంగా ఉంచడం మనుషులకే చెల్లింది.

ఒకరోజు ఆమెని మంచం మీద మోసుకుపోయారు. తిరిగి రాలేదు. దూరపు బంధువు ఎవరో వచ్చి గది ఖాళీ చేశాడు. అట్టపెట్టెలోని కిరీటం ఎటు పోయిందో నాకు తెలియదు. నేను నది ఒడ్డున పాతసామాన్లు అమ్మే బల్ల మీదికి చేరాను. ఒక పక్క విరిగిన గడియారం, ఇంకో పక్క ఎవరిదో పళ్లసెట్టు. అడవి కాచిన వెన్నెలలాగా ఆ బల్ల మీద ఎన్నాళ్లు మెరిశానో.

అక్కడికి వచ్చాడు గున్నయ్య. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మనిషి. ఆ వైపు కొబ్బరితోటల ఊళ్లలో ఇంటికొకరు ఓడల్లో పనిచేస్తారు. ఇతను సరుకు ఓడ ఇంజను గదిలో ఫిట్టరు. రేవులో ఓడ ఆగితే ఊరు చూద్దామని వచ్చాడు. చలికి చెవులకి గుడ్డ కట్టుకుని, చంకల్లో చేతులు పెట్టుకుని, బల్ల ముందు ఆగి నన్ను చూశాడు.

"ఓర్నీ, మా అప్ప సేసే బాసికంలాగుందే," అన్నాడు తనలో తనే.

అమ్మేవాడికి ఆ మాట అర్థం కాలేదు. వాడు రెండు చేతులూ నెత్తిన కిరీటంలా పెట్టుకుని, సిగ్గుపడుతున్నట్టు తల దించి, పెళ్లికూతురని అభినయించి చూపించాడు. గడ్డం ఉన్న పెళ్లికూతుర్ని చూసి గున్నయ్య పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే నన్ను కొన్నాడు. అలా నేను ఇంజను నూనె వాసన కొట్టే జేబులో సముద్రాలు దాటాను. మూత మూతలాగే ఉంది.

గున్నయ్య అక్క పేరు పైడమ్మ. ఇద్దరికీ ఉన్న ఇల్లు ఒకటే. పైడమ్మకి పెళ్లయిన మూడో ఏట మొగుడు పోయాడు, పిల్లల్లేరు, తమ్ముడింటికి వచ్చేసింది. తరవాత తమ్ముడి భార్య జ్వరంతో పోయింది. ఆమె వదిలివెళ్లిన పసిగుంట ఢిల్లేశ్వరిని ఈమే పెంచింది. గున్నయ్య ఏడాదిలో ఎక్కువ రోజులు సముద్రం మీదే ఉంటాడు కాబట్టి, ఆ పిల్లకి తల్లీ తండ్రీ కూడా పైడమ్మే.

ఆమె చేసే పని పెళ్లి బాసికాలు. జీలుగు బెండు తెచ్చి, పైతోలు గీరి, లోపలి తెల్లటి గుజ్జుని సన్నటి రేకులుగా కోసి, పూలలాగా మడిచి, నుదుటికి కట్టే బాసికం చేస్తుంది. బెండు ఎంత తేలికంటే, పక్కన ఎవరైనా తుమ్మితే పని అంతా ఎగిరిపోతుంది. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి కుదిరితే ముందు పైడమ్మకే కబురు. కానీ చేసిన బాసికాన్ని ఆమె ఎవరి చేతికీ ఇవ్వదు. చాటలో పెట్టి, చాట గడప మీద పెట్టి, తను లోపలికి వెళ్లిపోతుంది. పెళ్లివారు వచ్చి తీసుకుపోతారు. భర్త పోయిన చెయ్యి శుభకార్యానికి తగలకూడదని ఆమెకి ఎవరో చెప్పారు. చెప్పినవాళ్లు ఎప్పుడో మరిచిపోయారు, ఆమె మాత్రం మరవలేదు.

గున్నయ్య నన్ను ఆమె ఒళ్లో పెట్టాడు.

"ఏటిరా ఇది?"

"ఎండి బిల్ల అప్పా. ఆ దేశం పెల్లికూతురంట. నెత్తి మీద సూడు, నీ పనిలాగే లేదూ?"

పైడమ్మ వెలుతురుకి పట్టి చూసింది. "పెల్లికూతురేటి, నీ మొకం. కిరీటం ఎట్టుకున్న ఆడది అమ్మోరు కాక ఇంకెవర్రా? అమ్మోర్ని డబ్బీలో ఎట్టి మూత బిగిస్తారేటి, ఊపిరాడొద్దా?"

"అప్పా, తియ్యకు. సెయ్యి తగిలితే పాడైపోద్దంట."

"సెయ్యి తగిలితే పాడైపోయే అమ్మోరుంటాదేటి?" అని, బెండు కోసే కత్తి మొన పెట్టి ఒక్క తిప్పు తిప్పింది.

గాలి తగిలింది నాకు. కొబ్బరాకుల వాసన, పొయ్యి పొగ, ఉప్పుగాలి, అన్నీ ఒక్కసారి మీదపడ్డాయి. తరవాత చింతపండు పడింది. చింతపండూ బూడిదా కలిపి, బిందె తోమినట్టు తోమింది మహాతల్లి. అద్దంలాంటి నా ఒళ్లంతా గీతలు. నాణేలు పోగుచేసే పెద్దమనిషి ఎవరైనా అక్కడుంటే గుండె పట్టుకుని కూలబడేవాడు. నాకు మాత్రం ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పుట్టాక నన్ను మనిషి చెయ్యి తాకడం అదే మొదలు. బెండు కోసి కోసి కాయలు కాసిన చెయ్యి అది. పాడైపోవడం ఇంత హాయిగా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో పాడైపోయేదాన్ని.

దేవుడిగూట్లో నిలబెట్టి, పసుపు రాసి, ఉంగరం వేలితో నా పెళ్లికూతురి నుదుట కుంకం పెట్టింది. వేలికి ఇంకా కుంకం మిగిలింది. ఆ వేలు అలవాటుగా తన నుదుటి దాకా లేచి ఆగిపోయింది. గోడకి తుడిచేసుకుంది. ఆ గోడ మీద ఎన్నేళ్లవో ఎర్రమరకలు.

అలా నేను అమ్మవారినైపోయాను. నేను కాదు మొర్రో అని చెప్పడానికి నాకు నోరు లేదు. ఢిల్లేశ్వరి పలాసలో నర్సు చదువుకని హాస్టల్లో చేరింది, గున్నయ్య మళ్లీ ఓడెక్కాడు. ఇంట్లో మిగిలింది పైడమ్మా నేనూ. ఆమె బెండు కోసుకుంటూ నాతో మాట్లాడేది. పాలవాడు నీళ్లు కలపడం దగ్గర్నుంచి మోకాలి నొప్పి దాకా అన్నీ చెప్పేది. జవాబు రానిచోట మాట్లాడడం ఆమెకి అలవాటే. సాయంత్రం అయ్యేసరికి ఇంట్లో చప్పుడనేది ఉండేది కాదు. ఇద్దరు మనుషులున్న ఇంట్లో కన్నా ఒక్క మనిషి ఉన్న ఇంట్లో గిన్నె కింద పెడితే ఎక్కువ చప్పుడవుతుందని నేను అప్పుడే తెలుసుకున్నాను.

ఢిల్లేశ్వరికి పెళ్లి కుదిరింది. పిల్ల ఇష్టపడిన సంబంధమే, కుర్రాడు నెమ్మదైనవాడు. పైడమ్మ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. కానీ వాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. పెళ్లికూతురికి పందిట్లో బాసికం కట్టేది మేనత్త. అది మేనత్త హక్కు. పిల్లకి ఉన్నది ఒక్క మేనత్త, ఆ మేనత్తకి మొగుడు లేడు. పక్కింటి రవణమ్మ వరసకి పిన్ని అవుతుంది, ముత్తైదువు, ఆవిడ కడుతుందని పెద్దలు తేల్చారు. గున్నయ్య సెలవు మీద వచ్చి ఉన్నాడు. తల వంచుకుని విన్నాడు గానీ పెదవి కదపలేదు. ఓడంత ఇంజన్ని విప్పి బిగించే మనిషి, నలుగురి మధ్య ఒక్క మాట అనడానికి వణికాడు.

పైడమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. రాత్రింబవళ్లు నాకొక్కదానికే చెప్పింది. "దానికి తొలిసారి జడేసింది నాను. పేలు తీసింది నాను. ఆ నుదురు నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు తల్లీ? ఒక్కసారి నా సేత్తో కట్టనీ అని నానడగను. నా సెయ్యి తగిలి దానికేటైనా అయితే నాను బతకలేను." ఆమెకి కావలసింది అదొక్కటే, ఆమె భయపడుతున్నదీ దానికే. లోకం పెట్టిన కట్టుబాటైతే ఎదిరించవచ్చు, ప్రేమే కట్టేస్తే ఏం చేస్తాం చెప్పండి.

పెళ్లి ముందురోజు బాసికం దాదాపు అయిపోయింది. ఆమె చేతిలో అంత అందమైనది ఎప్పుడూ పుట్టలేదు. తెల్లటి బెండు పూలు మూడు వరసలు, అంచున ముత్యాలు, నడిమధ్య పెద్ద పువ్వుకి చోటు. అప్పుడు ఆమె గూటి దగ్గరికి వచ్చి నన్ను తీసింది. కళ్లకద్దుకుంది.

"నాను పందిట్లోకి రాలేను తల్లీ. నా బదులు నువ్వెల్లు. దాని నుదుటి మీద నువ్వు కూకో."

నడిమధ్య పువ్వుకని వదిలిన చోట నన్ను పెట్టి, చుట్టూ బెండు రేకు మడిచి, నాలుగు దిక్కులా దారంతో బిగించింది. నేను ఎంత బరువుంటానో నాకు తెలుసు. బెండు ఎంత మోస్తుందో ఆమెకి తెలుసు, ఆ విద్యలో తలపండిన మనిషి. వేరే ఎవరి పెళ్లికైనా అయితే బఠాణీగింజంత రాయి కూడా పెట్టేది కాదు. ఆ రోజు మాత్రం తన విద్య అంతా మరిచిపోయింది. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు నన్ను పెట్టి పంపింది.

నేనూ తక్కువ తినలేదు లెండి. పెళ్లికూతుళ్ల కిరీటాల కోసం పుట్టి, ఒక్క పెళ్లి చూడని దాన్ని. చూడబోతున్నానని పొంగిపోయాను. బాసికాన్ని చాటలో పెట్టి గడప మీద పెట్టింది పైడమ్మ, సొంత ఇంట్లో, సొంత గడప మీద. రవణమ్మ వచ్చి తీసుకుంది.

పొద్దున్నే ముహూర్తం. ఇంటి ముందు పందిరి, సన్నాయి, పిల్లల గోల. పైడమ్మ వెనకగదిలో తన పనిచాప మీద, బెండు పొట్టు మధ్య కూర్చుంది. పందిట్లో ఢిల్లేశ్వరి పీట మీద కూర్చుంది. రవణమ్మ నన్ను ఆ పిల్ల నుదుటికి ఆనించి, వెనక దారం ముడివేసి, గట్టిగా లాగింది.

పుటుక్కుమంది.

బాసికం నడిమికి విరిగింది. నేను దారానికి వేలాడుతూ పెళ్లికూతురి ముక్కు మీద పడ్డాను. పూలు ఒళ్లోకి రాలాయి. సన్నాయి ఆగింది. ఇంతమంది ఒక్కసారి ఊపిరి బిగబట్టడం నేనెన్నడూ వినలేదు. ఆ తరవాత గుసగుసలు. అపశకునం అన్నారెవరో. "ఆ సెయ్యి సేసింది కదా మరి," అంది ఇంకో గొంతు. తప్పు నా బరువుదని అరవాలనిపించింది. వెండికి గొంతు ఉండదు, పక్కన ఏదైనా తగిలితేనే మోగుతుంది.

ఆ మాట వెనకగదికి చేరకుండా ఉంటుందా? చేరింది. చేరిందని ఢిల్లేశ్వరికీ తెలిసింది. పీట మీదినుంచి లేచింది. పెళ్లికూతురు పీట మీదినుంచి లేవకూడదని రవణమ్మ చెయ్యి పట్టుకోబోయింది. వదిలించుకుని, విరిగిన బాసికం గుప్పిట్లో పట్టుకుని, నేను ఆమె మోచేతికి కొట్టుకుంటూ ఉండగా, లోపలికి నడిచింది.

పైడమ్మ గోడకి ఆనుకుని, రెండు చేతులూ చీర కుచ్చెళ్లలో దాచేసుకుంది.

"సూసినావా, నా సెయ్యి తగిలిందే. నానే సేసినాను. నానే."

ఢిల్లేశ్వరి ఆమె ఎదురుగా చాప మీద చతికిలబడింది. కాళ్లకి పారాణి ఉన్న పిల్ల బెండు పొట్టులో కూర్చుంది. నన్ను ఎత్తి మేనత్త ముఖం ముందు పట్టింది.

"అత్తా, ఇది ఏటి?"

"అమ్మోరు."

"ఎంత బరువుంది?"

పైడమ్మ చూపు చాప మీదికి దించుకుంది.

"బెండుకి ఇంత ఎండి బిల్ల కట్టితే ఇరగదేటి? సిన్నగుంటకైనా తెలుస్తాది. నీకు మతుండే సేసినావా? నీ సెయ్యి కాదత్తా, నీ పని తప్పు. ఎందుకు ఎట్టినావు దీన్ని?"

"నానొచ్చీడానికి లేదు కదే," అంది పైడమ్మ. "నా బదులు ఎవర్నైనా పంపాలని."

"మరి నువ్వే రా."

ఆ గదిలో అంతకన్నా చిన్న మాట నేను వినలేదు. పైడమ్మ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. "ఒద్దే తల్లీ. నీకేటైనా అయితే."

"నాకు జొరమొచ్చినప్పుడు తడిగుడ్డేసింది ఈ సేతులే. అప్పుడు సచ్చిపోనానా? బతికినాను. బేగి బాగుసెయ్యి. నీకు తప్ప ఇక్కడ ఎవరికీ సేతకాదు."

గుమ్మంలో గున్నయ్య వచ్చి నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "కట్టప్పా," అన్నాడు. "ముహూర్తం దాటిపోతంది."

పైడమ్మ చేతులు కుచ్చెళ్లలోంచి బయటికి వచ్చాయి. కత్తి అందుకుంది. నా చుట్టూ ఉన్న నాలుగు దారాలూ కోసింది. నన్ను తీసి పక్కన చాప మీద పెట్టింది, పక్కకి చూడకుండానే. ఒక బెండు ముక్క గీరింది, రేకు కోసింది, మడిచింది, విరిగిన చోట అతికి దారం చుట్టింది. నడిమధ్య నేనున్న చోట ఇప్పుడు ఒట్టి తెల్లపువ్వు. అరచేతిలో పెట్టి ఊదితే కదిలేంత తేలికగా ఉంది.

కట్టబోయింది. ఢిల్లేశ్వరి వెనక్కి జరిగింది.

"ఇక్కడ కాదు. పందిట్లో, అందరి ముందు."

చెయ్యి పట్టుకుని లేపింది. పైడమ్మ గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఎన్నో చాటలు పెట్టి వెనక్కి తిరిగిన గడప అది. దాటింది. నేను వాళ్ల వీపులు మాత్రమే చూశాను. తరవాత గోడ అడ్డొచ్చింది.

బయట ఎవరో ఏదో అన్నారు. గున్నయ్య గొంతు లేచింది, ఇంజను మోతలో కూడా వినబడేలా మాట్లాడే అలవాటున్న గొంతు. "మా అప్ప కడతాది," అన్నాడు. ఆ వెనకే రవణమ్మ గొంతు వినిపించింది. "సర్లెండి, మేనత్తే కదా. ముడి నాను పట్టుకుంటాను, కట్టు పైడమ్మా."

సన్నాయి అందుకుంది.

ఆ ముడి పడుతుంటే నేను చూడలేదు. పైడమ్మ ముఖం ఎలా ఉందో చూడలేదు. పెళ్లికూతుళ్ల కిరీటాల పేరున పుట్టి, సముద్రాలు దాటి, పందిరి దాకా వెళ్లి, అసలు చూడాల్సిన వేళకి వెనకగదిలో ఉన్నాను. ఆమె ప్రతి పెళ్లికీ కూర్చునే మూలలో, ఆమె చాప మీద, ఆమె ఒంటి వేడి ఇంకా ఆరని చోట, బెండు పొట్టులో పడి ఉన్నాను. మేళం చప్పుడు గోడలోంచి వస్తోంది. ఇన్నేళ్లూ ఆమె పెళ్లిళ్లు ఎలా విన్నదో నాకు అప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చింది.

ఆమె బదులు నన్ను పందిట్లోకి పంపాలనుకుంది. చివరికి నేను ఆమె బదులు ఇక్కడ కూర్చున్నాను. ఎవరో ఒకరు కూర్చోవాలి కదా. సాయంత్రం దాకా ఆమె నన్ను వెతుక్కోలేదు.